పిన్నీసు మాత్ర

మణుగూరు దారి,
ఏప్రిల్ 20, 1998.

పెద్దోడు సవరయ్యకు, కోడలు విశ్రాంతమ్మకు, పిల్లలకు మీ అమ్మ మీ నెత్తి మీద చెయ్యి పెట్టి దీవించి రాయునది. దేవమాత దయ వల్ల నేను, తమ్ముడు అంతోని ఇక్కడ బాగున్నం. మేకలు బాగున్నయ్. చిన్న మేక ఈనింది, పిల్లలు రెండూ పోతులే. భిలాయిల మీరందరు కూడ బాగున్నరని తలుస్తున్న. మేం బాగున్నం అని రాస్తే నువ్వు నమ్మవని నాకు ఎరుక. ఈసారి నమ్ము. ఎట్ల బాగున్నమో కిందికి పోంగ పోంగ రాస్త.

అక్షరాలు వంకర పోయినయని కోప్పడకు. మఠంల సిస్టర్లు నాకు నేర్పింది నాలుగో తరగతి కాడనే ఆగింది, అదొకటి. చెయ్యి వణుకుతున్నది, అదొకటి. ఎందుకు వణుకుతున్నదో కూడ కిందనే రాస్త. జొరమో పక్షవాతమో అనుకొని కంగారు పడకు. నువ్వు కంగారు పడ్తవేమోనని నాకు కంగారుగ ఉన్నది.

ఎండలు ముదిరినయ్. ఇప్పపువ్వు రాలుడు అయిపోయింది, తునికాకు పని ఇంక మొదలు కాలే. ఆ రెండు పనుల నడుమ పక్కింటి లంబాడామె ద్వాలికి ఏం తోచక పొద్దంత మన అరుగు మీదనే ఉంటది. బొగ్గు లారీల దుమ్ము ఎప్పటి లెక్కనే. ఉతికిన బట్ట దండెం మీద ఎండేలోపే నల్లబడ్తది. విశ్రాంతమ్మ పోయినసారి అడిగింది కద, మామిడికాయ ఒరుగులు పంపుతరా అని. ఎండబెట్టిన. దుమ్ము పడకుండ మీద పాత దోమతెర కప్పిన. పంపుత.

ఇగ నీ ఉత్తరం సంగతి.

అంతోని చదివి వినిపిస్త అన్నడు. నేనే వద్దని కూడబలుక్కొని చదువుకున్న. వాడు వినే మాటలు కావవి. "మాత్రలు ఆపు. వారం వారం నెత్తురు తీసే మందు అదేం మందు. తమ్ముడు మట్టల ఆదివారం నాడు చర్చిల పడి కొట్టుకున్నడని బామ్మర్ది రాయప్ప చెప్పిండు. మే నెలల సెలవు పెట్టి వస్త, వాడిని తీసుకపోయి మళ్ళ ఏటవతల ప్రార్థనల కాడ దింపుత." ఇదే కద నువ్వు రాసింది.

ముందుగాల్నే చెప్తున్న నాయనా. మాత్ర ఆపలే. ఆపను. అంతోని ఎక్కడికీ పోడు. ఇంటికి పెద్దోడివి, నీ మాటకు ఎదురు రాసుడు నాకు ఇదే మొదలు. చెయ్యి వణికినా మాట వణకలే అని తెలుసుకో. ఇప్పుడు నువ్వు అడిగినయన్నిటికి ఒకటెంబడి ఒకటి జవాబు రాస్త.

అసలు ఆ మందేంది అన్నవు. పాత సూదులు నీకు గుర్తున్నయ్ కద. ఆ సూది పడ్డంక అంతోని కొయ్య మనిషి లెక్క నడిచేటోడు. మెడ తిరిగేది కాదు. గిన్నెల చెయ్యి పెడితే మెతుకులు నోటిదాక వచ్చేలోపే రాలిపోయేటియి. అంత చేసినా వాడి చెవులల్ల ఆ గొంతు మాత్రం ఆగలే. బొగ్గుబాయిల పని చేయించే ఓవర్‌మన్ గొంతు. వాడు గనిల రానోళ్ళ బదులు చేసే బదిలీ పని మానేసి ఏండ్లు గడిచినా ఆ గొంతు మానలే. "అంతోనీ, దిగు. అంతోనీ, దిగు." ఆ మాట వినే కద ఒకనాడు దిగుడుబాయిల దిగిండు. నువ్వే కద దునికి పైకి తెచ్చినవ్. అందుకే నీకు భయం. నాకు తెల్వదా.

పోయిన ఎండకాలం ఖమ్మంల డాక్టరమ్మ ఈ కొత్త మందు పెట్టింది. మిగతా మందులు ఏవీ పట్టనోళ్ళకు ఇచ్చేదంట. పేరు క్లోజపిన్. నాకు నోరు తిరగలే. చివర 'పిన్ను' ఒక్కటే చెవుల పడ్డది. ఏం మందని ద్వాలి అడిగితే "పిన్నీసు మాత్ర" అని చెప్పిన. అంతోని విని నవ్విండు. వాడు నవ్వంగ నేను చూసి ఎన్నాళ్ళైంది సవరయ్యా. "మంచి పేరే పెట్టినవమ్మా. పిన్నీసు చినిగింది కుట్టదు. పట్టుకొని ఉంటది" అన్నడు. డాక్టరమ్మకు చెప్తే ఆమె కూడ అదే మాట అన్నది. జబ్బు మొదలు నరికే మందు కాదు, పట్టుకొని ఉండే మందు, తీసేస్తే అంగీ మళ్ళ జారుతుంది అన్నది.

మాత్రలు మొదలుపెట్టి కొన్ని నెలలైనంక, వానలప్పుడు, ఒకనాడు వాడు గోడకు చెవి పెట్టి నిలబడ్డడు. ఏంరా అన్న.

"పిలుస్తలేడమ్మా."

"ఎవరు?"

"ఓవర్‌మన్. పొద్దుగాల్నుంచి ఒక్కసారి కూడ పిలవలే. డ్యూటీ దిగిండో ఏమో."

చాలసేపు అట్లనే నిలబడ్డడు, ఎవరో ఊరికి పోయి రాకపోతే ఎదురు చూసినట్టు. ఎనకకు తిరిగి నా మొఖం చూసి "అమ్మా, నువ్వు తిన్నవా?" అన్నడు.

వాడికి జబ్బు చేసినంక వాడు నన్ను అడిగిన మొదటి మాట అది. అప్పటిదాక నేనే అడుగుడు, వాడు పలకకపోవుడు. తిన్న అని అబద్ధం చెప్పి, లోపలికి పోయి పొయ్యి ముందల కూసున్న. కండ్లు ఎర్రగైనయేంది అంటే పచ్చి కట్టెల పొగ అన్న. ఇది నీకు అప్పుడే రాయవలసింది. రాస్తే దిష్టి తగులుతదని రాయలే. నా బుద్ధి నీకు ఎరుకే కద.

నెత్తురు సంగతి. వారం వారం తీస్తరు, నిజమే. భద్రాచలం బజార్ల పరీక్ష చేసేటాయన తీస్తడు, చెంచాడు. ఆ మందు కొందరికి నెత్తుట్ల తెల్ల కణాలను తగ్గిస్తదంట. అవి రోగాలతోని కొట్లాడేటియి. అవి తగ్గితే చిన్న జొరం కూడ పెద్దదైతది. అందుకని ఎంచి, ఆ లెక్క డాక్టరమ్మకు ఫోన్ల చెప్తరు. ఆమె సరే అంటేనే మందుల షాపాయన మాత్రలు ఇస్తడు. అనకపోతే ఇయ్యడు. ఆ నెత్తురును మందు తాగుతలేదు నాయనా, అది మందుకు కాపలా. మేకల మందకు కుక్కను పెట్టుకుంటే దానికింత బువ్వ పెట్టమా, గదే ఇది.

ఇందుల నేనొక పిచ్చి పని చేసిన, చెప్తే నవ్వుతవ్. తెల్లవి తగ్గొద్దు అన్నరని తెల్లవి పెడితే పెరుగుతయనుకున్న. మేకపాలు, పెరుగన్నం, గుడ్డుల తెల్లది. టమాట పప్పు, ఎర్రకారం బంద్ పెట్టిన. వాడు నోరు చప్పబడి ఏడుపు మొఖం పెడితే కూడ ఇనలే. ద్వాలి అరుగు మీద కూసొని "ఏంది వదినా, నీ కొడుకును తెల్లదొరను చేస్తవా" అని ఎక్కిరించింది. పరీక్ష చేసేటాయన కూడ నవ్వి, "పాలకు పెరిగేటియి కావు అవ్వా, పిలగానికి పప్పు పెట్టు" అన్నడు. మళ్ళ పెడుతున్న.

లావైండు, నోట్ల నుంచి సొంగ కారుతున్నదంట అని రాసినవు. రెండూ నిజమే. దిండు మీద తువ్వాల పరుస్త, పొద్దుగాల ఉతుకుత. చిన్నప్పుడు మీ ఇద్దరి సొంగ తుడిచిన చెయ్యే కద ఇది, దానికి కొత్తేం కాదు. పొద్దున లేవనీకె బద్ధకం ఉంటది. ఆకుకూర ఎక్కువ పెట్టకపోతే కడుపు కదలదు. ఇయన్ని ఉన్నయ్. అయినా మేకలకు మేత కోసుకొస్తున్నడు. రాయప్ప మోటార్ చెడిపోతే తీగలు కలిపి ఆడించి వచ్చిండు. రాయప్ప నీకు ఆ సంగతి చెప్పిండా? చెప్పి ఉండడు. పడ్డది చెప్పేటోళ్ళు లేచింది చెప్పరు.

ఏటవతల ప్రార్థనల కాడికి మాత్రం వద్దు. నిన్ను తప్పు పడ్తలేను. బాయిల నుంచి తీసినంక మనకు దిక్కు తోచక, ప్రార్థనతోని కుదురుతదని మనిద్దరం కలిసే దింపినం. వాళ్ళు కూడ పారిపోతడనే కట్టేసిండ్రు. మొన్న వాడి కాళ్ళకు నూనె రాస్తుంటే మడమ మీద ఆ గొలుసు మచ్చ చేతికి తగిలింది. వాడు కాలు ఎనకకు తీసుకోలే. "అది ఇప్పుడు నొప్పి లేదమ్మా" అన్నడు. నాకున్నది. ప్రార్థన అంటే నాకు చేదు కాదు, నీకు తెలుసు. రోజూ జపమాల చెప్పుకొని, చివరి గింజ కాడ మాత్ర చేతుల పెట్టి నీళ్ళిస్త. దేవుడు గొలుసుతోనే వినాలని ఎక్కడ లేదు. ఫాదర్‌ను కూడ అడిగిన. మాత్ర మింగి ప్రార్థన చేస్తే దేవునికి కోపం రాదమ్మా అన్నడు.

ఇప్పుడు చివరి సంగతి. మట్టల ఆదివారం నాడు పడ్డది.

రాయప్ప అబద్ధం చెప్పలే. ఈత మట్టలు పట్టుకొని అందరం చర్చి చుట్టు తిరుగుతున్నం. అంతోని నా పక్కనే ఉండి పాట అందుకున్నడు, పాట నడుమ ఆగిండు, మట్ట చేతులనే బిగబట్టి పడ్డడు. కాళ్ళు చేతులు కొట్టుకున్నయ్, నోట్ల నురగ. పక్కకు తిప్పి పట్టుకున్నం. ఫాదర్ జీపుల వేసి ఖమ్మం తీసుకపోయినం. అంతకుముందు కొన్ని దినాల నుంచే వాడు తీరుగ లేడు. పగలు కూడ మొద్దు నిద్ర. మాట ముద్ద ముద్దగ. గడప తట్టుకొని తూలుడు. సొంగకు దిండు కాదు, పక్కంత తడిసేది. నాకు గుబులైంది. కానీ ఎవరికీ చెప్పలే. చెప్తే "మందు పాడు చేస్తున్నది, ఆపు" అంటరు. ఆపితే ఓవర్‌మన్ మళ్ళ డ్యూటీ ఎక్కుతడు.

డాక్టరమ్మ వాడిని చూసి, సూది వేయించి, పడుకోబెట్టి బయటికి వచ్చింది. మాత్రలు ఎక్కువ మింగిండా అని అడిగింది. లేదు, నా చేతులతోనే ఇస్త అన్న. ఇంక వేరే మందేమన్న వాడిండ్రా? లేదన్న. తెల్లారి వాడు లేచి కూసున్నంక మళ్ళ వచ్చి అడిగింది.

"ఈ మధ్య కొత్తగా ఏమన్నా మొదలుపెట్టాడా? ఏమన్నా మానేశాడా?"

నేను చెప్పేలోపు అంతోనినే అన్నడు, "చుట్ట మానిన మేడం."

"ఎప్పుడు?"

"విభూది బుధవారం నాడు. నెల దాటింది."

"మంచి పనే. ఎందుకు మానావు?"

వాడు నా దిక్కు చూసిండు. "అమ్మ మొక్కింది."

సవరయ్యా, ఇది నేను నీకు చెప్పకుండ దాచింది. ఉత్తరం మొదటి నుంచి దీన్ని ఎనకకు తోస్తనే ఉన్న. పాస్కా పండుగకు ముందు నలభై దినాలు ఉండే తపస్సు కాలం వచ్చింది. పోయిన కొడుకును మళ్ళ నా ఇంటికి తెచ్చింది ఆ తల్లి, ఆమెకు ఏమియ్యాలె అని ఆలోచించిన. వాడు ఒకటి ఆరకముందే ఇంకొకటి ముట్టిస్తడు, చూస్తవ్ కద. "తల్లీ, ఈ పండుగదాక నా కొడుకు చుట్ట ముట్టడు, వాడి చుట్ట నీకిచ్చిన" అని మొక్కి, వాడి పొగాకు, ఆకులు అన్ని పొయ్యిల వేసిన. వాడు రెండు దినాలు గింజుకున్నడు. మొక్కిన అంటే మాట కాదనలే.

డాక్టరమ్మ నెత్తి పట్టుకున్నది. కోపం కాదు, చిన్న పిల్లకు చెప్పినట్టు చెప్పింది. చుట్ట పొగ ఒంట్లో ఈ మందును జల్దీ కరగబెడ్తదంట. అంతోని పొద్దంత తాగేటోడు గనుక ఆమె మాత్రలు ఆ లెక్కన పెట్టింది. పొగ ఒక్కసారి ఆగిపోయింది, మాత్రలు అట్లనే నడిచినయ్. కరగవలసిన మందు కరగక ఒంట్లో పేరుకున్నది. నిద్ర, సొంగ, తూలుడు, ఆఖరికి ఫిట్స్, అన్ని దానికే.

"అయితే తప్పు మందుది కాదా అమ్మా?" అన్న.

"మందుది కాదు. చుట్ట మానడం కూడా తప్పు కాదు, అది ఎప్పటికైనా మానాల్సిందే. నాకు చెప్పకుండా మానడమే తప్పు. చెప్పుంటే మాత్రలు తగ్గించేదాన్ని."

"దేవునికి మొక్కింది కూడ డాక్టరుకు చెప్పాల్నా?"

ఆమె నవ్వింది. "చెప్పాలి అవ్వా. దేవుడికే ముందు చెప్పు, నాకు తర్వాతే చెప్పు. చెప్పడం మాత్రం మానకు."

కొన్ని దినాలు అక్కడనే ఉంచుకొని మాత్రలు తగ్గించి, నెత్తురు చూసింది. వాడు మామూలు మనిషైనంక నన్ను కాదు, వాడినే అడిగింది. "అంతోనీ, ఇప్పుడు నువ్వే చెప్పు. చుట్ట మానతావా, తాగుతావా? ఏదైనా దానికి తగ్గట్టు మాత్రలు సర్దుతాను. కానీ ఏదో ఒకటే. ఇవాళ తాగి రేపు మానితే కుదరదు."

"నన్నా అడిగేది?" అన్నడు వాడు. అటూ ఇటూ చూసిండు, ఎనక ఇంకొక అంతోని ఉన్నడేమోనని. ఏండ్ల సంది వాడిని ఎవరం ఏం అడగలే సవరయ్యా. సూది వేయించినం, కట్టేసినం, విప్పినం, ఆఖరికి వాడి చుట్ట కూడ వాడినడగకుండ మొక్కిన.

మళ్ళ డాక్టరమ్మను చూసి అన్నడు. "ఇప్పుడైతే తాగుత మేడం. రోజూ ఒకే లెక్క, పెంచ, తగ్గించ. వానలు పడ్డంక మీకు చెప్పి కొంచెం కొంచెం మానుత." నా దిక్కు తిరిగి, "అమ్మ మొక్కు మాత్రం అమ్మదే. ఆమెకు నోరు లేదా? ఆ నోట్ల చుట్ట లేదా?" అన్నడు.

డాక్టరమ్మ నన్ను కిందినుంచి మీదిదాక చూసింది. "అవ్వా, నువ్వు కూడా తాగుతావా?"

సిగ్గుతోని చచ్చిపోయిన. నా అడ్డపొగ సంగతి నీకు తెలుసు కద, నిప్పు నోట్ల పెట్టుకొని లోకంతోని మాట్లాడేదాన్ని. నాది నా నోట్లనే పెట్టుకొని వాడిది దేవమాతకిచ్చిన. నలుగురి ముందల వాడు ఆ మాట అన్నందుకు కోపం రాలే. జబ్బు మనిషి గట్ల తిప్పి కొట్టగలడా చెప్పు. అది నా పాత అంతోని.

ఆ దినం నుంచి నేను మానిన. చుట్టల డబ్బా ద్వాలికిచ్చిన. "నీ మొక్కు నాకు కలిసొచ్చింది" అని మన అరుగు మీదనే కూసొని, పొగ నా మొఖం మీదికే ఊదుతది. పాస్కా పండుగ దాటింది, అయినా నేను ముట్టలే. చెయ్యి వణికేది అందుకే. ఇంక మేకల మీద అరుసుడు, నిలబడ్డకాడ నిలబడలేకపోవుడు, అంతే. నాకు మాత్రల లెక్క లేదు గనుక నాకేం కాదు.

ఇదంత రాయకపోతే రాయప్ప చెప్పిందే నిలిచి నింద మందు మీద పడ్తది. రాస్తే నా మీద పడ్తది. 'అమ్మకు చాత కాదు, వాడినేం సాకుతది' అని నువ్వు వాడిని తీసుకపోతవని భయపడ్డ. ఇప్పుడు కూడ భయమే. కానీ నింద నా మీద పడ్డా పర్వాలే నాయనా, మందు మీద పడొద్దు. నేను రేపో మాపో పోయేదాన్ని. మాత్ర ఉండవలసింది.

మే నెలల రా. తీసుకపోనీకె కాదు, నేర్చుకోనీకె రా. గురువారం నెత్తురు పరీక్షకు మాతోని భద్రాచలం బస్సెక్కు. సూది గుచ్చేటప్పుడు వాడు మొఖం అటు తిప్పుకుంటడు, రెండో చెయ్యి నువ్వు పట్టుకో. జొరం, గొంతునొప్పి వస్తే పొద్దుటిదాక ఆగొద్దని, చుట్ట లెక్క మారితే డాక్టరమ్మకు చెప్పాలని, ఒక్కపూట కూడ మాత్ర మన ఇష్టానికి ఆపొద్దని ఫోన్ల ఆమె నోటితోనే విను. నేను లేనినాడు ఆ పిన్నీసు పట్టుకునే చెయ్యి ఇంకొకటి కావాలె. బాయిల నుంచి తీసిన చెయ్యి కంటే మంచి చెయ్యి నాకు ఎక్కడ దొరుకుతది?

పిల్లలను ఎండల తిప్పకు. విశ్రాంతమ్మను రైల్ల నీళ్ళు కాచినయ్ తెచ్చుకోమను. రైల్ల తలుపు కాడ నిలబడకు. బయలుదేరే ముందు ఒక కార్డు ముక్క రాయి, లేకపోతే నాకు అన్నం దిగదు.

ఇట్లు,
మీ ఇద్దరికీ అమ్మ.

అన్నా, కింద జాగా మిగిలితే నేను రాస్తున్న. అమ్మ రాసిందంత చదివిన. నా గురించి రాసింది నిజమే, ఆమె అరుసుడు గురించి మాత్రం తగ్గించి రాసింది. మేకలు ఆమెను చూస్తే దొడ్డి ఎనకకు పోతున్నయ్. పాత సూదులప్పుడు నేను పెన్ను పట్టలేకపోయేటోడిని, ఇప్పుడు నా అక్షరాలు ఆమెవాటి కంటే తిన్నగున్నయ్ చూడు. నాకేం తేవద్దు. అమ్మకు వక్కలు తే, చుట్ట లేక జపమాల గింజలు కొరికేటట్టున్నది. గురువారం మనం ముగ్గురం పోదాం. కిటికీ సీటు నాది.

నువ్వు తిన్నవా అన్నా?

తమ్ముడు అంతోని.